డేవిడ్ తట్టిన తలుపులు



ఒక తండ్రి ఉన్నాడు. పేరు డేవిడ్. పేదవాడు. భార్య చనిపోయింది. పసిబిడ్డ ఉన్నాడు. తను చేయని నేరానికి డేవిడ్ జైలుకు పోతున్నాడు. 24 ఏళ్ల శిక్ష. పోయేముందు ఆ బిడ్డను ప్రాణస్నేహితుడికి అప్పగించి ఒక కోరిక కోరతాడు. ఏ తండ్రైనా ఏం కోరతాడు? నా కొడుకును బాగా చూసుకో, నాలుగు అక్షరాలు నేర్పించు, ప్రయోజకుణ్ణి చెయ్యి అంటాడు. డేవిడ్ అలా అనడు. వీణ్ణి నేరస్థుడిగా పెంచమంటాడు. నేను తిరిగి వచ్చేనాటికి నా పగ తీర్చే మొనగాడిగా వీణ్ణి తయారుచేసి ఉంచమంటాడు.

1986లో వచ్చిన 'ఆఖ్రీ రాస్తా' అనే హిందీ సినిమా కథ ఇది. ఆఖరి దారి అని పేరు. అమితాబ్ బచ్చన్ అందులో రెండు వేషాలు వేశారు. తండ్రి ఆయనే, కొడుకూ ఆయనే. మీలో చాలామంది ఈ కథను ఏదో ఒక భాషలో చూసే ఉంటారు. ఇది ముందు తమిళంలో వచ్చింది. భారతీరాజా దర్శకత్వంలో కమల్ హాసన్ నటించిన 'ఒరు కైదియిన్ డైరీ', 1985 సంక్రాంతికి విడుదలైంది. తెలుగులో 'ఖైదీ వేట'గా అనువాదమై మన ఊళ్లలోనూ ఆడింది. కథ కె. భాగ్యరాజ్‌ది. హిందీలో దర్శకత్వం కూడా ఆయనే చేశారు. హిందీ సినిమా నిర్మాత మన తెలుగువారు, ఎ. పూర్ణచంద్రరావు. డేవిడ్ భార్య మేరీగా నటించినది మన రాజమండ్రి అమ్మాయి జయప్రద. కొడుక్కి జోడీ శ్రీదేవి. ఆ సినిమాలో శ్రీదేవికి గొంతు ఇచ్చింది రేఖ. అంటే పేరుకు హిందీ సినిమా అయినా మద్రాసులో, తమిళ, తెలుగు చేతుల మీదుగా తయారైన కథ అన్నమాట.

ఈ సినిమాను పగ కథ అంటారు. పగ కథే, కాదనను. తండ్రి తిరిగి వస్తాడు, ముగ్గురిని చంపాలనుకుంటాడు, చంపుతాడు. కానీ ఈ వేళ నేను ఆ చంపడాల గురించి మాట్లాడను. అంతకు ముందు జరిగిన దాని గురించి మాట్లాడతాను. ఒక పేదవాడు ఆయుధం పట్టేలోపు ఎంతమంది చేతులు ముడుచుకు కూర్చున్నారు? ఎన్ని తలుపులు మూసుకుపోయాయి? నా దృష్టిలో ఈ కథకు ప్రాణం అక్కడ ఉంది.

ఆ ముగ్గురూ ఎవరో ఒకసారి గమనించండి. ఒకడు రాజకీయ నాయకుడు, పేరు చతుర్వేది. సదాశివ్ అమ్రాపుర్కర్ ఆ వేషం వేశారు. డేవిడ్ ఆ నాయకుణ్ణి దేవుడిలా నమ్మిన కార్యకర్త. జెండా మోసినవాడు, జై కొట్టినవాడు. ఆ నాయకుడే డేవిడ్ ఇంట్లో లేని సమయంలో మేరీ మీద అఘాయిత్యం చేస్తాడు. ఆమె ప్రాణం తీసుకుంటుంది. ఇక రెండోవాడు పోలీసు అధికారి. మూడోవాడు డాక్టరు. ఈ ఇద్దరూ నాయకుడి కొమ్ము కాసి, కేసును తిప్పి తిప్పి డేవిడ్ మెడకే చుడతారు.

నాయకుడు, పోలీసు, డాక్టరు. ఈ ముగ్గురినే ఎందుకు పెట్టాడు కథకుడు? మన ఊళ్లో ఒక పేదింట్లో ఘోరం జరిగిందనుకోండి. ఆ ఇంటాయన ముందు ఎక్కడికి పోతాడు? పోలీస్ స్టేషన్‌కు పోతాడు. కేసు కట్టండి బాబూ అంటాడు. తర్వాత ఆసుపత్రి. ఒంటి మీది దెబ్బలకు, చావుకు కారణానికి డాక్టరు రాసిచ్చే కాగితమే కోర్టులో మాట్లాడుతుంది. స్టేషన్‌లో పని జరగలేదు, ఆసుపత్రిలో కాగితం రాలేదు, అప్పుడు? అప్పుడు తను ఓటేసిన నాయకుడి గడపకు పోయి మొరపెట్టుకుంటాడు. ఉన్నవాడికైతే ఇంకా దారులుంటాయి. పెద్ద ప్లీడరు ఉంటాడు, పేపర్లో తెలిసినవాళ్లు ఉంటారు, పట్నంలో బంధువులుంటారు. లేనివాడికి ఉన్నవి మూడు తలుపులు. స్టేషన్, ఆసుపత్రి, నాయకుడి ఇల్లు. భాగ్యరాజ్ ఆ మూడు తలుపుల వెనకా ముగ్గురు దోషుల్ని నిలబెట్టాడు. డేవిడ్‌కు న్యాయం అడగడానికి మిగిలిన వాళ్లే లేరు. అన్యాయం చేసినవాళ్లనే న్యాయం అడగాలి. మూడు పాత్రలతో ఇంత మాట చెప్పిన కథ వ్యాపార సినిమాల్లో అరుదు. అందుకే దీన్ని తేలిగ్గా తీసేయలేను.

సినిమా వాళ్లు అతిగా చూపిస్తారు, నిజంగా ఇలా జరుగుతుందా అని కొందరికి అనిపించవచ్చు. కాబట్టి మన హైదరాబాద్‌లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగింది. రాత్రిపూట రెండో ఆట సినిమా చూసి వస్తున్న ఒక పేద దంపతుల కథ. అతను రిక్షా కార్మికుడు. భార్యను స్టేషన్‌కు తీసుకుపోయి పోలీసులే అత్యాచారం చేశారు. అదేమని అడిగిన భర్తను కొట్టారు, అతను ప్రాణాలు కోల్పోయాడు. ఊరు భగ్గుమంది. జనం వీధుల్లోకి వచ్చారు, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ప్రభుత్వం జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేసింది. కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. తర్వాత కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది. 1981లో అక్కడ నిందితులందరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ఒక మాట చెప్పింది, కోర్టు ఇంకో మాట చెప్పింది. పోయిన మనిషి పోయాడు.

అదే 1981లో తెలుగులో ఒక సినిమా వచ్చింది. 'చట్టానికి కళ్లు లేవు'. చిరంజీవి హీరో, ఎస్.ఎ. చంద్రశేఖర్ దర్శకుడు. ఆయనే తమిళంలో తీసిన 'సట్టం ఒరు ఇరుట్టరై' దీనికి మూలం. రెండేళ్లకు అదే కథ హిందీలో 'అంధా కానూన్' అయింది. దర్శకుడు మన టి. రామారావు. నిర్మాత మళ్లీ ఆ పూర్ణచంద్రరావే. రజనీకాంత్ హిందీలో అడుగుపెట్టింది ఆ సినిమాతోనే. నల్లకుంట సంఘటన చూసి ఆ సినిమా తీశారని నేను అనడం లేదు. కానీ హాల్లో కూర్చున్న జనం మనసులో ఏముందో ఊహించుకోగలం. చట్టానికి కళ్లు లేవు అనే మాట వాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ 'అంధా కానూన్'లో కూడా ఒక తండ్రి ఉన్నాడు. అది కూడా అమితాబ్ వేషమే. చిన్న వేషం, కానీ సినిమా మొత్తంలో జనానికి బాగా గుర్తుండిపోయింది. అతను అటవీశాఖలో నిజాయితీగా పనిచేసే ఉద్యోగి. ఒక దొంగను చంపాడని అతనికి శిక్ష పడుతుంది. అసలు ఆ దొంగ చావనే లేదు. ఈయన జైల్లో ఉండగా భార్య, బిడ్డ దిక్కులేక చనిపోతారు. శిక్ష అయ్యాక బయటికి వస్తాడు. చచ్చాడని చెప్పిన మనిషి బతికి తిరుగుతున్నాడు. అతణ్ణి కోర్టులోనే, న్యాయమూర్తి ఎదుటే చంపుతాడు. చంపి, ఈ హత్యకు నేను ముందే శిక్ష అనుభవించాను, ఇంక ఏ శిక్ష వేస్తారు అని అడుగుతాడు.

హాళ్లు దద్దరిల్లిన సన్నివేశం అది. చట్టం ప్రకారం ఆ వాదన నిలవదు. ఇదివరకు పడినది తప్పుడు శిక్ష. దాన్ని కొట్టేయమని అడగవచ్చు, పరువు నిలబెట్టమని అడగవచ్చు. ఇప్పుడు చేసిన హత్య మాత్రం కొత్త నేరమే. ముందే జైల్లో గడిపిన రోజులను తెచ్చి దీనికి చెల్లు వేయడం కుదరదు. ఏ ప్లీడరును అడిగినా ఇదే చెబుతారు. ఇది జనానికి తెలియక చప్పట్లు కొట్టారా? కాదనుకుంటాను. పోయిన ఏళ్లు ఎవరిస్తారు, పోయిన బిడ్డను ఎవరిస్తారు అన్న ప్రశ్న అందులో ఉంది. ఆ ప్రశ్నకు కొట్టారు చప్పట్లు. దానికి కోర్టు దగ్గర ఈనాటికీ సరైన జవాబు లేదు. తప్పుగా జైలుపాలైనవాళ్లకు ఇంత పరిహారం ఇవ్వాలని స్పష్టంగా చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో ఇప్పటికీ రాలేదు.

మళ్లీ డేవిడ్ దగ్గరికి వద్దాం. మొదట చెప్పిన మాట గుర్తుంది కదా? బిడ్డను స్నేహితుడికి అప్పగించాడు, నేరస్థుడిగా పెంచమన్నాడు. ఆ స్నేహితుడు ఏం చేశాడు?

మాట తప్పాడు. ఆ బిడ్డను చదివించాడు. నీతిగా పెంచాడు. చివరకు పోలీసు అధికారిని చేశాడు. 24 ఏళ్ల తర్వాత జైలు గేటు దాటి వచ్చిన డేవిడ్‌కు ఎదురైనవాడు తన కొడుకే. ఒంటి మీద ఖాకీ. తండ్రి ఎవరిని చంపాలని వచ్చాడో, వాళ్లను కాపాడే బాధ్యత కొడుకు మీద పడుతుంది.

శ్రోతలారా, ఈ స్నేహితుడి గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. ఆ వేషం వేసినవారు అనుపమ్ ఖేర్. కథలో అందరికంటే కష్టమైన నిర్ణయం తీసుకున్నది ఈ మనిషే అని నా నమ్మకం. జైలుకు పోతున్న స్నేహితుడి కన్నీళ్లు చూశాడు. అతనికి జరిగిన అన్యాయం కళ్లారా ఎరుగును. పగ తీర్చుకోవాలన్న కోరిక న్యాయమైనదే అని కూడా అతనికి తెలుసు. అయినా ఊయలలో పిల్లవాణ్ణి చూసి, వీడికి ఈ బరువు ఎందుకు మోయించాలి అనుకున్నాడు. తండ్రి కోపం తండ్రిది. పిల్లవాడి బతుకు పిల్లవాడిది. ఈ తేడా తెలుసుకున్నవాడు కథ మొత్తంలో ఇతనొక్కడే. డేవిడ్ తిరిగి వచ్చి నిలదీస్తే సమాధానం చెప్పుకోవలసినదీ ఇతనే. సినిమా ఇతనికి ఇంకాస్త చోటు ఇచ్చి ఉండాల్సింది. ఎత్తులు, మారువేషాలు, పోలీసులతో దోబూచులాటలు, వీటికి ఇచ్చిన సమయంలో సగం ఇతనికి ఇచ్చినా సినిమా ఇంకో మెట్టు పైన ఉండేది.

అనుపమ్ ఖేర్ పేరు వచ్చింది కాబట్టి ఇంకో తండ్రిని మీకు పరిచయం చేస్తాను. దీనికి రెండేళ్ల ముందు, 1984లో, మహేశ్ భట్ 'సారాంశ్' అనే సినిమా తీశారు. అందులో అనుపమ్ ఖేర్ ముసలి తండ్రి. అప్పటికి ఆయన వయసు 28. బొంబాయిలో ఉండే ఒక రిటైర్డ్ టీచరు పాత్ర. ఒక్కగానొక్క కొడుకు న్యూయార్క్‌లో దొంగల చేతిలో చచ్చిపోయాడు. అస్థికలు విమానంలో వచ్చాయి. వాటిని తీసుకోవడానికి ఆ ముసలాయన కస్టమ్స్ ఆఫీసుకు వెళతాడు. అక్కడ వరుసలో టీవీలు, సామాన్లు విడిపించుకునేవాళ్లు ఉంటారు. ఈయన నిలబడతాడు. ఎవరూ పట్టించుకోరు. ఏ కాగితం, ఏ సంతకం, ఎవరిని కలవాలి. చివరకు ఆయన తట్టుకోలేడు. నేను వచ్చింది టీవీ కోసం కాదు, నా బిడ్డ బూడిద కోసం అని గొంతు చించుకుని ఏడుస్తాడు.

ఆ తండ్రి ఎవరినీ చంపడు. కత్తి పట్టడు, మారువేషం వెయ్యడు. కొడుకును చంపినవాళ్లు సముద్రాల అవతల ఉన్నారు, వాళ్ల ముఖం కూడా చూడలేడు. ఆయన అడిగింది తనకు రావాల్సిన దానిని మర్యాదగా తన చేతిలో పెట్టమని. డేవిడ్‌నూ ఈ మాస్టారినీ పక్కపక్కన నిలబెట్టి చూస్తే నాకు ఇద్దరిలో ఒకే కోరిక కనబడుతుంది. నా మాట వినండి. నేను మనిషిని, నాకు జరిగింది ఘోరం, కాస్త తలెత్తి నా మాట వినండి. ఒకరికి ఆ వినే మనిషి ఆలస్యంగానైనా దొరికాడు. డేవిడ్‌కు దొరకలేదు.

ఇంతగా మెచ్చుకుంటున్న సినిమాలో నన్ను బాధపెట్టే విషయం ఒకటి ఉంది. అదీ చెప్పాలి. మేరీ సంగతి. ఘోరం జరిగింది ఆమెకు. కానీ కథ మొదట్లోనే ఆమెను చంపేశారు. నిజం చెప్పగలిగే మొదటి సాక్షి ఆమె. ఆమె గొంతు పోయింది. ఆపైన అంతా తండ్రి పగ, కొడుకు ధర్మం, మగవాళ్ల లెక్కలే. ఆనాటి సినిమాల్లో చాలా వరకు ఇదే పద్ధతి. అఘాయిత్యం జరిగిన ఆడమనిషి చావాలి, మగవాడు కత్తి పట్టాలి. అలా కానక్కర్లేదని అదే రోజుల్లో మన తెలుగు సినిమా నిరూపించింది. 1985లో టి. కృష్ణ 'ప్రతిఘటన' తీశారు. విజయశాంతి వేసిన లెక్చరర్ పాత్ర అవమానం పడి కుంగిపోదు. చివరకు గొడ్డలి ఎత్తేది ఆమే. మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. కనీసం తన కథలో తాను బతికి ఉంది. మేరీకి ఆ అవకాశం ఇచ్చి ఉంటే 'ఆఖ్రీ రాస్తా' వేరే సినిమా అయ్యేది.

సినిమా తండ్రుల గురించి చాలా చెప్పాను. ఇప్పుడు నిజం తండ్రి ఒకరి గురించి చెబుతాను. 2008లో ఉత్తరప్రదేశ్‌లో ఒకాయన మైనర్ కూతుర్ని ఎవరో ఎత్తుకుపోయారు. పోలీస్ స్టేషన్‌కు పోయి రాసిచ్చాడు. కేసు కట్టలేదు. జిల్లా పోలీసు అధికారి దగ్గరికి పోయాడు. అప్పుడు కేసు రాశారు గానీ, కూతుర్ని వెతికిపెట్టే పని కదల్లేదు. ఆయన కత్తి పట్టలేదు. సుప్రీంకోర్టు తలుపు తట్టాడు. 2013 నవంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. విచారణ చేయదగిన తీవ్రమైన నేరం జరిగిందని ఎవరైనా సమాచారం ఇస్తే పోలీసులు ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలి. రాయాలా వద్దా అని ఆలోచించే హక్కు వాళ్లకు లేదు. రాయని అధికారి మీద చర్య తీసుకోవాలి. మళ్లీ చెబుతున్నాను, తీవ్రమైన నేరమైతే ఎఫ్‌ఐఆర్ రాసి తీరాలి. ఈ దేశంలో ప్రతి పేదవాడికీ పనికొచ్చే ఆ తీర్పు, కూతురి కోసం తిరిగిన ఒక తండ్రి వల్ల వచ్చింది.

అందుకని కాస్త పక్కకు వెళ్లి, పనికొచ్చే మాటలు చెబుతాను, గుర్తుంచుకోండి. మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు పొమ్మంటే పోనక్కర్లేదు. ఏ స్టేషన్‌లో అయినా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలు మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. ప్లీడరుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. న్యాయ సేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉంది, పేదలకు ఉచితంగా ప్లీడరును ఇస్తుంది. ఆడవాళ్లకైతే ఆదాయం ఎంత అని కూడా చూడరు. ఫోన్ నంబరు 15100. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా. పక్కింటివాళ్లకు కూడా చెప్పండి.

డేవిడ్ జైలుకు పోయేనాటికి ఇవేవీ ఇంత బలంగా లేవు. ఉచిత న్యాయ సహాయం అన్న మాట రాజ్యాంగంలోకి 1976లో వచ్చింది. దాన్ని అమలు చేసే చట్టం 1987లో చేశారు. అది పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 1995 అయింది. డేవిడ్ లాంటివాడికి ఆ రోజుల్లో ప్లీడరంటే పొలం అమ్మి పెట్టుకునే ప్లీడరే. డేవిడ్‌కు అమ్ముకోవడానికి పొలం కూడా లేదు.

అయితే కథలో ఒక మనిషికి మాత్రం దారి ఉంది. కొడుక్కి. తండ్రి ఎవరో, ఎందుకు చంపుతున్నాడో అతనికి తెలిసిపోతుంది. తెలిసిన తర్వాత సినిమా అతన్ని ఒకే ప్రశ్న ముందు నిలబెడుతుంది. తండ్రిని పట్టుకోవాలా, వదలాలా? రక్తమా, ఖాకీనా? ఆ పెనుగులాటను అమితాబ్ రెండు ముఖాలతోనూ గొప్పగా పలికించారు, ముఖ్యంగా తండ్రీకొడుకులు ఎదురుపడి వాదించుకునే చోట. తండ్రి అడుగు బరువు వేరు, కొడుకు అడుగు వేగం వేరు. ఒకే మనిషి అని మరిచిపోతాం. ఆ సంవత్సరం ఆయన నిజజీవితంలో పార్లమెంటు సభ్యుడు కూడా. తెర మీదేమో నమ్మిన కార్యకర్తను ముంచిన నాయకుడి మీద పగబట్టిన పేదవాడు. ఆ వేషం ఒప్పుకున్నందుకు ఆయన మీద నాకు గౌరవం ఉంది. చివరకు డేవిడ్ పగ తీరుతుంది, ప్రాణం పోతుంది.

కానీ కొడుకు ముందు ఇంకో పని ఉంది, ఆ పని గురించి సినిమా ఆలోచించదు. మన చట్టంలో హత్యకు గానీ అత్యాచారానికి గానీ కాలం చెల్లిపోవడం అన్నది లేదు. చిన్న చిన్న నేరాలకు గడువు ఉంది, వీటికి లేదు. 24 ఏళ్లు కాదు, 40 ఏళ్లయినా కేసు కట్టవచ్చు. ఆ కొడుకు పోలీసు అధికారి. రికార్డు గదికి పోయి పాత ఫైలు తీయించగలడు. తన తల్లి పోస్టుమార్టం రిపోర్టు ఎవరు రాశారు, ఏం రాశారు అని చూడగలడు. డేవిడ్ తిరిగి వచ్చేనాటికి రిపోర్టు రాసిన డాక్టరు బతికే ఉన్నాడు. కేసు నడిపిన పోలీసు బతికే ఉన్నాడు. ఆ నాయకుడు బతికే ఉన్నాడు. ఈ నిజం డేవిడ్ కత్తి ఎత్తకముందే తెలిసి ఉంటే, ముగ్గురికీ నోటీసులు ఇచ్చి స్టేషన్‌కు పిలిపించి, తన తండ్రి తట్టినప్పుడు తెరుచుకోని ఆ తలుపును లోపలి నుంచి తీయగలిగిన మనిషి అతనే. ఈ కథను మళ్లీ తీసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ రికార్డు గది సన్నివేశం ఒకటి రాయమని నా మనవి.